అల లేని చోట కూడా సముద్రం సముద్రమే: హావ్‌లాక్ నీమో రీఫ్‌లో మొదటి స్కూబా డైవ్

 

ఈ మధ్య నాకు వస్తున్న ప్రశ్నల్లో అండమాన్ గురించినవి బాగా పెరిగాయి. పెళ్లయిన కొత్త జంటలు, వేసవి సెలవులకి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు, ఆఫీసు స్నేహితులు అందరూ అడిగేది దాదాపు ఒకటే. "సార్, నాకు ఈత రాదు. స్కూబా చేయొచ్చా?" అని. దాని వెనకాలే ఇంకో మాట కూడా వస్తుంది. "అక్కడ నీళ్లు చెరువులా ఉంటాయట కదా, లోతు కూడా మూడు నాలుగు అంతస్తులంతేనట, ఇంక భయం దేనికి?" అని.

మొదటి ప్రశ్నకి జవాబు తేలిక. చేయొచ్చు. ఈత రానివాళ్లు కూడా ఇన్‌స్ట్రక్టర్ చేతిలో ఉండి మొదటి డైవ్ చేసి వస్తూనే ఉన్నారు. రెండో మాట ఉంది చూశారా, అది సగమే నిజం. ఆ మిగతా సగం గురించే ఈ రోజు ఎపిసోడ్. భయపెట్టడానికి కాదండి. నేను వెళ్లాను, చేశాను, మళ్లీ వెళ్తాను కూడా. కానీ మా తమ్ముడు ఆ రోజు నీళ్లలోకి దిగకుండా ఒడ్డునే ఆగిపోయాడు. ఎందుకు ఆగిపోయాడో, అలా ఆగిపోవడం ఎంత మంచిదైందో చివరికి మీకే అర్థమవుతుంది.

అసలు ఆ చోటు ఎలా ఉంటుంది?

పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్ దీవికి ఫెర్రీలో వెళ్లాలి. వేగంగా వెళ్లేదైతే రెండు గంటలు అటూ ఇటూగా పడుతుంది. 2018లో హావ్‌లాక్ పేరు స్వరాజ్ ద్వీప్ అని మార్చారు, 2024లో పోర్ట్ బ్లెయిర్‌ని శ్రీ విజయపురం చేశారు. అయితే మాటల్లో ఇంకా పాత పేర్లే నడుస్తున్నాయి కాబట్టి నేనూ అవే వాడతాను.

హావ్‌లాక్‌లో బీచ్‌లకి నంబర్లుంటాయి. రెండో నంబరు, మూడో నంబరు, ఐదో నంబరు, ఇలా. ఫొటోల్లో అందరూ చూసే రాధానగర్ ఏడో నంబరు, అది పడమర వైపు ఉంటుంది. మనం మాట్లాడుకునే నీమో రీఫ్ రెండో నంబరు బీచ్ దగ్గర ఉంది, జెట్టీకి పెద్ద దూరం కాదు. దీని ప్రత్యేకత ఏంటంటే పడవ అక్కర్లేదు. ఒడ్డు నుంచే నడుచుకుంటూ నీళ్లలోకి దిగుతారు. మోకాళ్ల లోతు, నడుం లోతు, ఆ తర్వాత ఇసుక నేల మెల్లగా వాలుగా కిందికి పోతుంది. ఆ ఇసుక మధ్యలో అక్కడక్కడా పగడాల గుట్టలు కనిపిస్తాయి. కొత్తవాళ్లని తీసుకెళ్లే లోతు మామూలుగా 12 మీటర్లు దాటదు.

నీమో అనే పేరు 2003లో వచ్చిన యానిమేషన్ సినిమాలోని చేప పేరు. నారింజ రంగు మీద తెల్లటి పట్టీలుండే క్లౌన్ ఫిష్. అవి ఇక్కడ బాగా కనిపిస్తాయి, అందుకని ఆ పేరు స్థిరపడిపోయింది.

మరి నీళ్లు అంత నిలకడగా ఎందుకుంటాయి? ఒకటి, హావ్‌లాక్ ఒంటరి దీవి కాదు. రిచీ ద్వీపసమూహం అనే గుంపులో ఒకటి. చుట్టూ వేరే దీవులుంటే పెద్ద కెరటం పెరగడానికి చోటు తక్కువ. రెండు, నైరుతి గాలులు తోసుకొచ్చే కెరటాలకి దీవి తనే అడ్డుగోడ. మూడోది చాలామంది గమనించనిది, ఆ పగడపు దిబ్బ. పగడపు దిబ్బలు కెరటాల శక్తిని ఎంత తగ్గిస్తాయి అని ప్రపంచవ్యాప్తంగా ఉన్న కొలతల్ని కలిపి చూసిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. సగటున 97 శాతం తగ్గిస్తాయని తేలింది. అంటే ఒడ్డున మనం నిలబడే ఆ ప్రశాంతతలో పెద్ద వాటా పగడానిదే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

నిలకడ నీళ్లు ఏం ఇస్తాయి, ఏం ఇవ్వవు

ఇలాంటి మరుగు చోట్లో కొత్తవాళ్లకి చాలా మేలు ఉంది. ప్రవాహం లాక్కుపోదు. కెరటం పగడాల మీదికి విసిరేయదు. చుట్టూ కనిపిస్తుంది. ఒడ్డు దగ్గర. కంగారు వస్తే నేల మీద నిలబడగలిగే చోటు నుంచే మొదలుపెట్టొచ్చు. అందుకే మొదటి డైవ్‌కి ఇలాంటి చోటునే ఎంచుకుంటారు, అది సరైన పనే.

కానీ ఒక్కటి మాత్రం మారదు. నీటి బరువు. బయట గాలివాన వచ్చినా, అద్దంలా నిలిచి ఉన్నా, 10 మీటర్ల కింద ఒత్తిడి ఒకటే. పైన మన మీద ఉండే గాలి ఒత్తిడిని ఒకటి అనుకోండి. సముద్రంలో ప్రతి 10 మీటర్లకి ఇంకో ఒకటి కలుస్తుంది. 10 మీటర్ల దగ్గర రెండు, 20 దగ్గర మూడు, 30 దగ్గర నాలుగు.

ఇప్పుడు ఇక్కడ చూడండి. [బెలూన్ చూపిస్తూ] ఈ బెలూన్‌ని పైన ఊది 10 మీటర్ల కిందికి తీసుకెళ్తే సగం అయిపోతుంది. ఇంకో 10 మీటర్లు దించితే మూడో వంతు. 1662లో రాబర్ట్ బాయిల్ చెప్పిన సూత్రం ఇదే. ఒత్తిడి ఎన్ని రెట్లు పెరిగితే గాలి అన్ని రెట్లు కుంచించుకుపోతుంది. మనందరం తొమ్మిదో తరగతో పదో తరగతో చదివేటప్పుడు పరీక్షకి రాసి మర్చిపోయిన సూత్రం.

ఇందులో అసలు విషయం ఏంటంటే, మార్పు ఎక్కడ ఎక్కువ? 40 మీటర్ల నుంచి 30కి వస్తే ఒత్తిడి ఐదు నుంచి నాలుగుకి తగ్గుతుంది. గాలి పావు వంతు పెరుగుతుంది, అంతే. కానీ 10 మీటర్ల నుంచి పైకి వస్తే రెండు నుంచి ఒకటికి తగ్గుతుంది, గాలి రెట్టింపవుతుంది. పైకి వచ్చేది రెండుసార్లూ 10 మీటర్లే. కానీ లోతు తక్కువ ఉన్నచోటే గాలి ఎక్కువ వ్యాకోచిస్తుంది. "లోతు తక్కువ కదా" అని మనం ధైర్యం తెచ్చుకుంటాం చూశారా, సరిగ్గా ఆ పైన ఉన్న 10 మీటర్లే మన చెవులకీ ఊపిరితిత్తులకీ ఎక్కువ పని పెట్టేవి.

బావిలో నేర్చుకున్నది ఇక్కడ పనికిరాదు

మనలో చాలామంది బావిలోనో, కాలవలోనో ఈత నేర్చుకున్నవాళ్లం. గట్టు మీద నుంచి దూకేముందు పెద్దవాళ్లు ఏం చెప్పేవాళ్లు? "గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టరా" అనేవాళ్లు. అక్కడ అది సరైన సలహా. ఎందుకంటే పైన పీల్చిన గాలి కిందికి వెళ్తే కుంచించుకుంటుంది, మళ్లీ పైకి వస్తే ఎంత ఉందో అంతే అవుతుంది, అంతకు మించి పెరగదు.

స్కూబాలో అలా కాదు. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ కలిసి ఒక రెగ్యులేటర్ తయారుచేశారు. మీరు ఏ లోతులో ఉంటే ఆ లోతు ఒత్తిడికి సరిపోయేలా గాలి అందించడం దాని పని. ఈ రోజు మనం నోట్లో పెట్టుకునేది దాని వారసత్వమే. అన్నట్టు, చాలామంది "ఆక్సిజన్ సిలిండర్" అంటారు. కాదండి. మామూలు డైవ్‌లో అందులో ఉండేది మనం ఇప్పుడు పీలుస్తున్న గాలే, వడకట్టి గట్టిగా కుదించి పెడతారు. 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో నింపితే సుమారు 2200 లీటర్ల గాలి పడుతుంది.

సరే, ఇప్పుడు ఆలోచించండి. 10 మీటర్ల కింద మీరు నిండుగా ఊపిరి పీల్చారు. ఆ గాలి రెట్టింపు ఒత్తిడిలో ఉన్న గాలి. ఏదో చేప కదిలింది, మాస్క్‌లోకి కాసిని నీళ్లు వచ్చాయి, కంగారుపడి బావిలో నేర్చుకున్నట్టే ఊపిరి బిగబట్టి పైకి తన్నుకున్నారు. పైకి వస్తున్నకొద్దీ ఆ గాలి పెరుగుతుంది. నోరు మూసి ఉంటే అది ఎక్కడికి పోవాలి? ఊపిరితిత్తుల లోపలి సున్నితమైన గోడల్ని చీల్చుకుని పోతుంది. ఛాతీలోకి చేరొచ్చు, రక్తంలోకి బుడగలుగా చేరి మెదడుకి వెళ్లొచ్చు. నిండుగా పీల్చి బిగబడితే, మన ఎత్తుకన్నా తక్కువ లోతు నుంచి లేచినా ఇది జరగొచ్చు. అంటే మీరు నిలబడి నేర్చుకునే చోటులో కూడా.

అందుకే స్కూబాలో మొదటి నియమం ఒక్కటే. ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు. నెమ్మదిగా పీల్చాలి, నెమ్మదిగా వదలాలి. రెగ్యులేటర్ నోట్లోంచి జారినా సన్నగా బుడగలు వదులుతూనే ఉండాలి. ఇది ఒక్కటి ఒంటికి పట్టిందంటే సగం స్కూబా వచ్చినట్టే.

చెవి చెప్పే మాట వినాలి

రెండోది చెవులు. కర్ణభేరి వెనకాల చిన్న గాలి గది ఉంటుంది. అక్కడి నుంచి గొంతు వెనక భాగానికి ఒక సన్నటి గొట్టం ఉంటుంది. విమానం దిగేటప్పుడు చెవులు బిగుసుకుని, గుటక వేస్తే "టప్" మని తెరుచుకుంటాయి కదా, ఆ గొట్టమే. నీళ్లలో ఈ మార్పు విమానంలో కంటే చాలా వేగంగా వస్తుంది. ఒకటి రెండు మీటర్లు దిగేసరికే చెవుల్లో బిగువు తెలుస్తుంది.

చేయాల్సింది ఏంటంటే, మాస్క్ మీద నుంచే ముక్కు పట్టుకుని మెల్లగా గాలి ఊదాలి. మాస్క్ ముక్కుని కూడా కప్పేది, దాని రబ్బరు అంత మెత్తగా ఉండేది అందుకే. నొప్పి వచ్చాక కాదు, రాకముందే, ప్రతి మీటరుకీ ఒకసారి. తెరుచుకోకపోతే ఇంకా గట్టిగా ఊదడం తప్పు. ఒక మీటరు పైకి వెళ్లి మళ్లీ ప్రయత్నించాలి. అప్పటికీ కాకపోతే ఆ రోజుకి డైవ్ లేదు. డబ్బులు కట్టేశాం కదా అని నొప్పి భరించకండి. డబ్బులు మళ్లీ వస్తాయి, కర్ణభేరి చిల్లు పడితే నెలలు పడుతుంది.

జలుబు ఉన్నప్పుడు ఆ గొట్టం వాచి మూసుకుపోతుంది. ముక్కు దిబ్బడకి మాత్ర వేసుకుని దిగేవాళ్లుంటారు. దిగేటప్పుడు బాగానే ఉంటుంది. కింద ఉండగా మందు బలం తగ్గిందంటే పైకి వచ్చేటప్పుడు లోపలి గాలికి దారి ఉండదు. దిగకుండా ఉండొచ్చు గానీ, పైకి రాకుండా ఉండలేం కదా. కాబట్టి జలుబుతో డైవ్ వద్దు.

ఆ ఫారం మీద టిక్కులు

ఇప్పుడు మా తమ్ముడి సంగతి. మా పిన్ని కొడుకు. మేమిద్దరం కలిసే వెళ్లాం. ముందు రోజు సాయంత్రం మేము బుక్ చేసుకున్న చోట ఒక ఫారం ఇచ్చారు. ఆరోగ్యం గురించి ప్రశ్నలు, అన్నీ ఇంగ్లీషులో. గుండె జబ్బు ఉందా, మూర్ఛ ఉందా, ఉబ్బసం ఉందా, చెవి ఆపరేషన్ అయిందా, గర్భంతో ఉన్నారా, ఇలా. కౌంటర్ దగ్గర అబ్బాయి మా వెనకాల ఉన్న క్యూ చూసి, "సార్, అన్నిటికీ నో పెట్టేసి సంతకం పెట్టేయండి, అందరూ అంతే" అన్నాడు. మేమూ అంతే చేశాం. నేను చదివానా అంటే, నిజం చెప్పాలి కదా, చదవలేదు.

మర్నాడు పొద్దున్నే నీళ్లలోకి దిగాం. మాకు వచ్చిన ఇన్‌స్ట్రక్టర్ తెలుగు అబ్బాయి. అండమాన్‌లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎక్కువ. ఈ అబ్బాయి వాళ్ల తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లారట. నడుం లోతులో నిలబెట్టి, రెగ్యులేటర్ నోట్లో పెట్టకముందు, ఇద్దరి వైపూ చూసి అడిగాడు. "అన్నా, ఫారం సంగతి వదిలీండి. చిన్నప్పుడు గానీ ఉబ్బసం ఉండేదా? ఇప్పటికీ పంపు వాడతన్నారా?"

తమ్ముడు నా వైపు చూశాడు. వాడికి చిన్నప్పటి నుంచీ ఉంది. చలికాలంలో ఇప్పటికీ ఇన్‌హేలర్ జేబులో ఉంటుంది. ఇంగ్లీషు కాగితం మీద నో పెట్టినవాడు, తెలుగులో ఎదురుగా అడిగేసరికి అబద్ధం చెప్పలేకపోయాడు. "ఉందన్నా, కానీ ఇప్పుడు బానే ఉన్నాను" అన్నాడు.

ఆ అబ్బాయి ఇంకో మాట లేకుండా వాడి సిలిండర్ విప్పేశాడు. "డాక్టర్ కాగితం తెస్తే నేనే తీసుకెళ్తాను. ఈ రోజు మాత్రం వద్దన్నా" అన్నాడు. తమ్ముడికి కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చి, ఇంత ఖర్చు పెట్టుకుని, మోకాళ్ల లోతులో వెనక్కి నడవాలంటే ఎవరికైనా వస్తుంది. నాకూ బాధేసింది. "నీళ్లు ఇంత ప్రశాంతంగా ఉన్నాయి, ఒక్క పది నిమిషాలేగా" అని నేనే బతిమాలాను కూడా. ఆ అబ్బాయి ఒప్పుకోలేదు.

తిరిగొచ్చాక ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన వివరించారు. ఉబ్బసంలో సన్నటి గాలి గొట్టాలు బిగుసుకుంటాయి, కొన్నిచోట్ల కఫం అడ్డుపడుతుంది. గాలి లోపలికి వెళ్తుంది గానీ, బయటికి రావడానికి ఇబ్బంది. పైన కుర్చీలో కూర్చుని ఉంటే అది ఆయాసం. 10 మీటర్ల నుంచి పైకి వస్తుంటే అది, నోరు తెరిచే ఉన్నా, ఊపిరితిత్తిలో ఒక మూల ఊపిరి బిగబట్టినట్టే. ఇందాక చెప్పుకున్న బెలూన్ గుర్తుంది కదా. దానికి తోడు సిలిండర్ గాలి పొడిగా, చల్లగా ఉంటుంది. ఉబ్బసం రేగడానికి అదే చాలు.

ఉబ్బసం ఉన్నవాళ్లెవరూ ఎప్పటికీ చేయకూడదని కాదండి. అదుపులో ఉంటే, పరీక్షలు చేసి, డైవింగ్ గురించి తెలిసిన డాక్టర్ అనుమతి ఇచ్చే సందర్భాలున్నాయి. అది డాక్టర్ తేల్చాల్సిన విషయం, కౌంటర్ దగ్గర క్యూ తేల్చేది కాదు. ఆ ఫారం వాళ్లని కాపాడుకోవడానికి అని మనం అనుకుంటాం. నిజానికి అది మనల్ని కాపాడటానికి ఉన్న మొదటి గట్టు. దాన్ని మన సంతకంతో మనమే తెగ్గొట్టుకుంటున్నాం.

నీళ్లలో బొటనవేలు ఎత్తకండి

మిగిలింది నేను ఒక్కణ్నే. నా కథలో ప్రమాదం ఏమీ లేదు గానీ, నవ్వుకునేది ఉంది. కింద మాటలుండవు కాబట్టి చేతి సైగలే. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే "బాగున్నాను". అరచెయ్యి చాపి అటూ ఇటూ ఊపితే "ఏదో ఇబ్బందిగా ఉంది", తర్వాత ఎక్కడో చూపించాలి, చెవి అయితే చెవి. బొటనవేలు పైకెత్తితే "పైకి వెళ్దాం". మన అలవాటులో అదే "సూపర్" కదా. మొదటి క్లౌన్ ఫిష్ కనబడగానే ఆనందంతో నేను బొటనవేలు ఎత్తాను. ఆయన నన్ను పైకి తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. రెండోసారీ అంతే. మూడోసారి నా చెయ్యి పట్టుకుని సున్నా చుట్టించాడు.

ఆయన పైకి తీసుకెళ్లడం తప్పు కాదు, అదే సరైనది. "పైకి" అన్న సైగకి ఎందుకు అని అడగకూడదన్నది అక్కడి పద్ధతి. వెంటనే, కానీ నెమ్మదిగా తీసుకెళ్లాలి. నిమిషానికి 9 మీటర్లు మించకుండా లేవమని నేర్పుతారు. మన బుడగల్లో చిన్నవి పైకి పోతుంటాయి కదా, వాటిని దాటి మనం పోకూడదని ఒక గుర్తు.

ఇంకో సంగతి. కింద రంగులు మారిపోతాయి. నీళ్లు ఎరుపుని ముందు మింగేస్తాయి. కొద్ది మీటర్లలోనే ఎర్రటి వస్తువు గోధుమ రంగుగా, ఇంకా కిందికి పోతే బూడిద రంగుగా కనిపిస్తుంది. మాస్క్ వల్ల అన్నీ మూడో వంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి. "చేతికి అందేంత దగ్గర" అనిపించిన చేప నిజానికి దూరంగా ఉంటుంది. మీరు తగలదనుకున్న పగడం మాత్రం మీ వెనకాల, మీ ఫిన్ దగ్గర ఉంటుంది. అక్కడే మనకి తెలియకుండా తప్పు జరిగిపోతుంది.

మనల్ని కాసే గోడని మనమే తన్నొద్దు

మొదట్లో చెప్పాను, పగడం మనకి గోడ అని. ఆ గోడ రాయి కాదు, ప్రాణి. చిన్న చిన్న జీవులు వేల సంఖ్యలో కలిసి సున్నంతో కట్టుకున్న ఊరు అది. వాటి ఒంట్లో కంటికి కనబడని ఆల్గే ఉంటుంది. ఎండలో ఆహారం తయారుచేసి పెట్టేది ఆ ఆల్గేనే, రంగు ఇచ్చేదీ చాలావరకు అదే. నీటి వేడి మామూలు వేసవి కంటే ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం ఆ ఆల్గేని బయటికి నెట్టేస్తుంది. తెల్లబడిపోతుంది. 1998లో, 2010లో, 2016లో అండమాన్ పగడాలు ఇలా తెల్లబడ్డాయి. కొన్ని కోలుకున్నాయి, చాలా పోయాయి.

బండలా గుండ్రంగా పెరిగే పగడం ఏడాదికి సెంటీమీటరు అటూ ఇటూగా పెరుగుతుంది. అంటే మీ అంత ఎత్తున్న పగడం మీ ముత్తాతల కాలం నుంచి పెరుగుతోంది. దాని మీద కాలు ఆనించడానికి అర సెకను చాలు. మరుగు చోటు కాబట్టి కొత్తవాళ్లందరూ ఇక్కడికే వస్తారు. కొత్తవాళ్లకి నీళ్లలో తేలడం చేతకాదు కాబట్టి కాళ్లు కిందికి వేలాడతాయి. ఇసుక లేస్తుంది. కెరటం, ప్రవాహం లేని చోట ఆ ఇసుకని కడిగేసేది ఏదీ ఉండదు. అది పగడాల మీదే కూర్చుని వాటికి వెలుతురు అందకుండా చేస్తుంది. మనకి మేలు చేసిన నిలకడే పగడానికి కీడు అవుతుందన్నమాట.

ఆ క్లౌన్ ఫిష్ కూడా చూడండి. అది ఎనిమోన్ అనే జీవి చేతుల మధ్య ఉంటుంది. ఎనిమోన్ కుడుతుంది, కానీ క్లౌన్ ఫిష్ ఒంటి మీద జిగురు పొర వల్ల దానికేం కాదు. ఒక్కో ఎనిమోన్‌లో ఒక చిన్న కుటుంబం. అందరికన్నా పెద్దది ఆడది, తర్వాతది మగది, మిగతావి చిన్నవి. ఆడది చనిపోతే మగది ఆడదిగా మారిపోతుంది. అంత కట్టుబాటుగా నడిచే ఇల్లు అది. ఫొటో కోసం దాన్ని వేలితో కదిపేవాళ్లని నేను కళ్లారా చూశాను. దయచేసి ఆ పని చేయకండి. రాతి పగడాలు మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి. విరిగిపడిన ముక్క తెచ్చుకోవడం కూడా నేరమే. చేతులు ఛాతీ దగ్గర మడిచిపెట్టుకోండి, అంతే చాలు. సన్‌స్క్రీన్ పూసుకునే బదులు పూర్తి చేతుల స్విమ్ చొక్కా వేసుకోండి.

వెళ్లేముందు అడగాల్సినవి

ఇన్ని చెప్పాక, పనికొచ్చే నాలుగు మాటలు.

ఒకటి, ఇన్‌స్ట్రక్టర్ అర్హత కార్డు చూపించమనండి. సిగ్గుపడకండి. మనం ఆటో ఎక్కేటప్పుడు బేరం ఆడతాం, ఊపిరి అప్పగించేటప్పుడు అడగడానికి మొహమాటం దేనికి?

రెండు, ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది? ఈత రాని కొత్తవాళ్లకి ఒకరికి ఒకరు ఉంటేనే మంచిది.

మూడు, నిలబడగలిగే లోతులో ముందు ఎంతసేపు నేర్పిస్తారు? రెగ్యులేటర్ తీసి పెట్టుకోవడం, మాస్క్‌లో నీళ్లు తియ్యడం, సైగలు. ఐదు నిమిషాల్లో ముగించేస్తే అనుమానించండి.

నాలుగు, ఒడ్డున ఆక్సిజన్ కిట్ ఉందా? ప్రమాదం జరిగితే ఒత్తిడి చాంబర్ ఉన్న ఆసుపత్రికి ఎలా తీసుకెళ్తారు? చిన్న దీవుల్లో అలాంటి చాంబర్ పక్క వీధిలో ఉండదు. అడిగితే ఠక్కున జవాబు రావాలి.

చివరిగా విమానం. కింద ఉన్నంతసేపూ ఒంట్లోకి నైట్రోజన్ మామూలు కంటే ఎక్కువ చేరుతుంది. అది మెల్లగా బయటికి పోవాలి. విమానంలో ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి, తొందరపడితే అది బుడగలు కట్టొచ్చు. ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, రెండు మూడు డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. 24 గంటలు ఆగితే ఇంకా నిశ్చింత. అందుకే డైవ్‌ని టూర్ చివరి రోజుకి పెట్టుకోకండి. ముందు పెట్టుకుని, మిగతావి తర్వాత చూడండి.

ముగించేముందు

తమ్ముడి దగ్గరికి మళ్లీ వస్తాను. నేను పైకి వచ్చేసరికి వాడు ఒడ్డున ఇసుకలో కూర్చుని ఉన్నాడు. కోపం కాస్త తగ్గింది. "ఎలా ఉంది అన్నయ్యా కింద?" అని అడిగాడు. నేను అలవాటుగా బొటనవేలు ఎత్తబోయి, ఆగి, సున్నా చుట్టి చూపించాను. వాడు నవ్వాడు. ఇప్పుడు డాక్టర్ దగ్గర మందులు సరిగ్గా వాడుతున్నాడు, ఊపిరి పరీక్షలు చేయించుకుంటున్నాడు. అనుమతి వస్తుందో రాదో ఇంకా తెలియదు. రాకపోతే పైనే తేలుతూ చూసే స్నార్కెలింగ్ గురించి కూడా డాక్టర్‌నే అడుగుతానంటున్నాడు.

ఆ తెలుగు అబ్బాయికి ఆ రోజు ఒక డైవ్ డబ్బులు పోయి ఉంటాయి. మా కోపం కూడా భరించాడు. అయినా అడిగాడు. మీరు వెళ్లినప్పుడు మీకు అలా అడిగేవాళ్లు దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. అందుకే ఆ ప్రశ్నలు మీరే మిమ్మల్ని అడుక్కోండి, మన భాషలోనే అడుక్కోండి, నిజం చెప్పుకోండి. నీళ్లు ఎంత ప్రశాంతంగా ఉన్నా సరే. ఊపిరి ఆపకండి, పగడం ముట్టకండి, హాయిగా చూసి రండి.